సాటా, ఎన్వీఎంఈ, అమ్మ గరాటు

రాజాంలో మాది నూనె కొట్టు. అరచేతిలో చుక్క వేయించుకుని, రాసి, వాసన చూడకుండా మా ఇంట్లో ఎవరమూ ఏదీ కొనం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పనిలోకి వచ్చినా ఆ బుద్ధి నన్ను వదల్లేదు.

అప్పుడు బొబ్బిలి పెళ్లి ఒకటి నా చేతిలో ఉంది. నాలుగు కెమెరాల వీడియో. తాళి కట్టే చోటికి వచ్చేసరికి పెళ్లికొడుకు చెయ్యి గాలిలో ఆగిపోయేది. నేను టీ తాగి వచ్చేదాకా ముడి పడేది కాదు. ఆదివారం రిసెప్షన్‌లో తెర మీద వేయాలి. ఇవ్వలేకపోతే ఆ ఇంట్లో మిగిలిన పెళ్లిళ్లన్నీ వేరే స్టూడియోకి పోతాయి. నత్తనడక నడిచే నా పాత హార్డ్ డిస్కునీ, బేరానికి బలంగా అమ్మనీ వెంటబెట్టుకుని కంప్యూటర్ షాపుకి వెళ్లాను.

షాపాయన దాని బదులు వాడుకునే కొత్త డ్రైవులు రెండు చూపించాడు. ఒకటి సాటా, కేబుల్‌తో తగిలించేది. రెండోది ఎన్వీఎంఈ, బోర్డు మీద గాడిలో నేరుగా దిగేది. వేగం చాలా ఎక్కువట. ధరా ఎక్కువే.

"మాటలొద్దన్నా. నా డిస్కులోంచి రెండింట్లోకీ ఈ పెళ్లి ఎక్కించి సూపించు" అన్నాను.

ఎక్కించాడు. రెండింటికీ ఒకే సమయం పట్టింది.

"సూసినావా? పేరే తేడా. ఆ సాటాదే ఇయ్యి, అదీ తగ్గించి."

ఆయన ఏదో చెప్పబోయాడు. ఎదుటివాడికి సందివ్వకపోవడం మా వంశవిద్య. చివరికి స్టూలు మీంచి అమ్మే అడ్డొచ్చింది.

"ఒసే, రెండు సీసాల్లోకీ ఒక్క గరాటుతోనే పోయించావు కదే. సన్న గరాటెట్టి, ఏ సీసా మూతి పెద్దదో నీకేటి తెలుస్తాది?"

షాపాయన నవ్వాడు. "అదేనమ్మా నాను సెప్పబోతన్నాను. అక్క సెప్పనిస్తే కదా."

సన్న గరాటు నా పాత డిస్కే. ఈసారి ఏ డ్రైవుకి ఆ డ్రైవులోనే పెళ్లిని ఇంకో కాపీ చేయించాను. సాటాలో తెర మీద కాపీ గీత నింపాదిగా నడిచింది. ఎన్వీఎంఈలో చూస్తుండగానే అంచు తాకింది.

ఎన్వీఎంఈ ధర మళ్లీ అడిగాను. తర్వాత కొట్టు బుద్ధి తిరిగొచ్చింది. సరుకంతా కౌంటరు మీద పెట్టం కదా, మిగతాది గోడౌన్‌లో ఉంటుంది. పెద్ద సాటా ధరకే, చోటు తక్కువున్న చిన్న ఎన్వీఎంఈ వస్తుంది. చేతిలో ఉన్న పెళ్లి దాన్లో ఉంటే చాలు. అయిపోయినవి పాత డిస్కులో పడుంటాయి. నా కంప్యూటర్లో ఆ గాడి ఉందో లేదో ఆయన చూసి చెప్పాకే పర్సు తీశాను. తగ్గించమని అడగబోతే అమ్మ మోచేత్తో పొడిచింది.

"ఇచ్చీవే. మంచోడు" అని, ఆయన వైపు తిరిగి, "బిగించినందుకు డబ్బులేటీ తీసుకోవు కదా బాబూ?" అంది.

ఆదివారం బొబ్బిలిలో ముడి ఎక్కడా ఆగకుండా పడింది. ఆ ఇంటి తర్వాతి పెళ్లీ నాకే వచ్చింది.

అమ్మకు థాంక్స్ చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. కొట్టుకి కొత్త స్టీలు గరాటు కొనిచ్చాను. ఎంతకి కొన్నావంది. చెప్పాను.

"బేరం ఆడనేదా?"

"నేదు."

ఆ గరాటు వాడిన ప్రతిసారీ నన్ను తిడుతుంది. వాడని రోజు లేదు.