పెంకు పట్టుకుని నిప్పుకొచ్చిన పంతులమ్మ

మా పల్లె బడి పంతులమ్మ పోయింది. మొన్న పొద్దున కుండపెంకు పట్టుకుని మా గుమ్మంలో నిలబడి నిప్పడిగిన మనిషి. పొద్దు గుంకేలోగా బడి వెనక నాపరాళ్ల సందున పాము కరిచింది. గురజాల ఆసుపత్రికి బండి కట్టేలోపే అంతా అయిపోయింది. ఇది రాస్తున్నానే గాని నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఇదేం అన్యాయమండీ!

ఆమెను ఎరగని వారికి చెబుతాను. వరుసగా వానలు ఎగ్గొట్టాక మా ఊళ్లో కరువు సాయం కమిటీవారు గంజి కేంద్రం పెట్టారు. కాగులు చూసేది నేను. సాయం ఎవరికి అందుతోందో, ఎవరికి అందడం లేదో కనిపెట్టే పని పంతులమ్మది. అడిగితే ఎవరు చెబుతారు, మా ఇంట్లో వండలేదని? అందరూ తిన్నామనే అంటారు. యుద్ధం పుణ్యమా అని అగ్గిపెట్టెలు దొరకని రోజులు, ఇంటింటికీ నిప్పుకు పోవడం మామూలే. అందుకని ఆమె వంటవేళ పెంకు పట్టుకుని బయల్దేరేది. పొయ్యి ఇంకా రాజెయ్యలేదన్న ఇంటికి మధ్యాహ్నంలోగా నా చేత జొన్నలు పంపేది. “అన్నం లేదని వాళ్ల నోటితో అనిపించొద్దు” అని నాకు ఒకటే పోరు.

ఒకసారి పప్పులో కాలేసింది. శుక్రవారం దీపాలవేళ పెద్దకాపు ఇంటికి వెళ్లి నిప్పడిగింది. ఆ వేళప్పుడు వాళ్లు నిప్పు గడప దాటించరు. కోడలు నిప్పు లేదంది. మర్నాడు జొన్నలు మోసుకెళ్లిన పాపానికి తిట్లు తిన్నది నేను. గాదె నిండా ధాన్యమున్న ఆసామి ఊరుకుంటాడా! సంగతి చెబితే పంతులమ్మ కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ కాపే తర్వాత ఊరందరికీ విత్తనపు జొన్నలిచ్చాడు, అది వేరే సంగతి.

ఈ ఏడు వానలు పడ్డాయి. ఇక కేంద్రం ఎత్తేద్దామని కమిటీ ఆఫీసరు నరసరావుపేట నుంచి వచ్చాడు. ఎవరినడిగినా బాగానే ఉన్నామన్నారు. పంతులమ్మ మాత్రం తగ్గలేదు.

“వాన పడింది గాని పంట చేతికి రాలేదు గదయ్యా. ఇప్పుడు గంజి ఆపితే విత్తనాలు తినేస్తారు. ఇంక చేలో ఏం చల్లుతారు?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె తన పెంకు ఆయన చేతికిచ్చి, మీరే నాలుగిళ్లలో నిప్పడిగి రండి అంది. ఆయన వీధి చివరిదాకా పోయి ఖాళీ పెంకుతో తిరిగొచ్చాడు. వచ్చి మంచం మీద కూలబడ్డాడు. గింజల బండ్లు ఆగలేదు. విత్తనాలు చేలో పడ్డాయి. ఇప్పుడు కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఆ కోత చూడాలని ఎంత ఆశపడిందో!

నిన్న సాయంత్రం సమాధి చేసి వచ్చాం. ఇంట్లో ఆమె తల్లి, చూపానని ముసలమ్మ, చల్లారిన పొయ్యి పక్కన ఒక్కతే కూర్చుని ఉంది. నేను గుమ్మంలోనే ఆగాను. ఇంతలో మా పక్కింటి అత్త పెంకులో నిప్పు తెచ్చి పొయ్యిలో వేసింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక వీధి వీధంతా. పంతులమ్మ నిప్పు ఎందుకడిగేదో ఎవరికీ తెలియదనుకున్నాం మేమిద్దరం. అందరికీ తెలుసు.

చివరికి పెద్దకాపు కోడలు వచ్చింది. ఎవరమ్మా అని అడిగింది ముసలమ్మ.

“కాపుగారి కోడల్నవ్వా. శుక్రవారమని తెలుసు. అయినా తెచ్చా.”

పొయ్యిలో చోటు లేదు. ఆ పిల్ల తన పెంకు ముసలమ్మ ముందే పెట్టింది. ముసలమ్మ రెండు చేతులూ ఆ సెగకు చాపింది.