శాంతవ్వ చెప్పిన కల్లు బంద్ కబురు

నా అతి తెలివి వల్ల ఒక ముసలమ్మకు ప్రాణం మీదికి వచ్చిన సంగతి ఇది. మీరు నవ్వుకుంటూ చదవండి, ఫర్వాలేదు. నేను మాత్రం ఆ సాయంత్రం గుర్తొస్తే ఇప్పటికీ లేచి వెళ్లి తలుపు గడియ చూసుకుని వస్తాను.

అప్పటికి పెళ్లయి మోమిన్‌పేట్ నుంచి తాండూరు వచ్చిన కొత్త. మా కాలనీ నాపరాయి పాలిష్ చేసే షెడ్ల పక్కన ఉంటుంది. ఆ తెల్లటి దుమ్ము చెట్ల మీద, గోడల మీద, ఆరేసిన బట్టల మీద పేరుకుపోయి, పొద్దుగూకే వేళ కాలనీ అంతా బూడిద పూసుకున్నట్టు కనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే పోలీసులు కాలనీలో మీటింగు పెట్టి, భద్రత కోసం గల్లీకొకరిని పెద్దగా ఎంచి, అందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు చేశారు. డిగ్రీ చదివానని మా గల్లీకి నన్ను పెట్టారు. జిల్లా మొత్తం నాకు అప్పగించినట్టే నడిచాననుకోండి. మీటింగులో ఆడవాళ్లందరిదీ ఒకటే గోల, గల్లీ చివరి కల్లు దుకాణం మూయించాలని. అందరికంటే గట్టిగా అడిగింది మా పక్కింటి శాంతవ్వ. ఆమెది కర్ణాటక, సేడం వైపు. మామూలుగా తెలుగే మాట్లాడుతుంది, కంగారు పడితే కన్నడంలోకి పోతుంది. కొడుకు శరణప్ప షెడ్డులో పని దిగగానే నేరుగా ఆ దుకాణానికే పోతాడని ఆమె బాధ. చూస్తామని ఎస్ఐ గారు మాట ఇచ్చారు.

తర్వాత ఒక సాయంత్రం వాన పట్టుకుంది, కరెంటు పోయింది. మా ఆయన ఇంకా ఇంటికి రాలేదు. ఫోను లైటు వేసుకుని వసారాలోకి వస్తే, నేల మీద తెల్లటి పాదాల గుర్తులు. తడి రాతిపొడితో అచ్చు గుద్దినట్టు, శాంతవ్వ ఇంటికీ మాకూ మధ్య గోడ దాకా వెళ్లి ఆగిపోయాయి. తిరిగి వచ్చిన గుర్తులు లేవు. కాలనీ భద్రత నా చేతిలోనే ఉంది కదా, అయినా నాకు తట్టింది దొంగ కాదు, దయ్యం.

అప్పుడు గోడ అవతల నుంచి గుసగుస. గొంతు లేదు, ఊపిరి మాత్రమే. “కళ్ళ బంద... కళ్ళ బంద...”

ఎవరని అడిగాను. మళ్లీ అదే మాట, ఈసారి కొంచెం దగ్గరగా, పక్కింటి వంటింటి కిటికీలోంచి. శాంతవ్వ! పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఆ మాట నా చెవికి అచ్చం తెలుగులా వినబడింది, కల్లు బంద్ అని. ఎస్ఐ గారు దుకాణం మూయించేశారన్నమాట.

“బందైందా అవ్వా? మస్తు మంచిగైంది. ఇగ నీ కొడుకు ఫికర్ లేదు” అని గల్లీ మొత్తానికి వినబడేలా అన్నాను.

గుసగుస టక్కున ఆగిపోయింది. సంతోషంతో ఆమెకు నోట మాట రావడం లేదనుకున్నాను. వెంటనే గ్రూపులో పెట్టాను: “మన గల్లీలో కల్లు బంద్. పోలీసు అన్నలకు వందనాలు.” దుకాణం నడిపే గౌడ్ కూడా అదే గ్రూపులో ఉన్నాడన్న సంగతి మరిచిపోయాను.

కాసేపటికి చీకట్లో వాళ్లు వచ్చారు. నెత్తి నుంచి పాదాల దాకా తెల్లటి మనుషులు. వానకు ముఖాల మీద చారలు కట్టాయి, ఫోన్ల వెలుతురు కింది నుంచి పడి కళ్లు గుంటల్లా ఉన్నాయి. నేను తలుపు రెక్క పట్టుకుని బిగుసుకుపోయాను. చేతుల్లో కల్లు సీసాలు చూశాక గానీ వాళ్లు బందు సంగతి తేల్చుకోవడానికి దుకాణం నుంచి వచ్చిన షెడ్డు పనివాళ్లని తెలియలేదు.

సరిగ్గా అప్పుడే శాంతవ్వ ఇంటి వైపు నుంచి ఒకడు గోడ దూకి మా వాకిట్లో పడ్డాడు. తలెత్తి ఆ తెల్లటి గుంపును చూసి, దయ్యాలని ఒక్క కేక పెట్టి, నా కాళ్ల దగ్గరే కుప్పకూలాడు. వాడి సంచిలోంచి శాంతవ్వ వెండి కడియాలు దొర్లాయి.

గుంపులోంచి శరణప్ప వాళ్ల ఇంట్లోకి పరుగెత్తాడు, వెనకే నేనూ. శాంతవ్వ బియ్యం డ్రమ్ము వెనక, కొంగు నోట్లో కుక్కుకుని వణికిపోతూ ఉంది. కొడుకు ఆమెను పొదివి పట్టుకుని నా వైపు చూశాడు.

“కళ్ళ అంటే దొంగ అక్కా. బంద అంటే వచ్చిండు.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె నన్ను సాయానికి పిలిస్తే, ఆమె ఎక్కడ దాక్కుందో దొంగకు వినబడేలా సంబరపడ్డాను. ఆమె చల్లటి చేతులు పట్టుకుని ఏడ్చేశాను. ఈలోగా గౌడ్ గుమ్మంలోకి తొంగిచూసి, “ఇంతకు నా దుకాణం బందా, చాలూనా అమ్మా?” అని అడిగాడు.

ఫోన్ చేస్తే దొంగ కోసం వచ్చి జీపు దిగిన ఎస్ఐ గారు అంతా విని, నవ్వు ఆపుకోలేక టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. “దొంగొచ్చిండని పెడితే ఒక్కరు తలుపు తీసెటోళ్లు కాదమ్మా. కల్లు బందన్నరు, గల్లీ మొత్తం దిగింది” అన్నారు.

కాబట్టి కాలనీ పెద్దల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ భాషలో ఏ శుభవార్త చెవిన పడినా, అర్థం అడగకుండా సంబరపడను. శాంతవ్వ పిలిస్తే మాత్రం అర్థం కూడా అడగను, ముందు గోడ దూకుతాను.