పూలగుత్తి ఇచ్చేశాక

బల్గేరియా రాజధాని సోఫియాలో ఆర్థికమంత్రి కారు నడిపే రంగెల్‌కు మంత్రులు ఎందరు మారినా సెలవు మాత్రం దొరకలేదు. ఏటా ఆకురాలే కాలంలో సొంతూళ్లో అతని అన్న సారా కాచడానికి ప్లమ్ పళ్లు పులియబెట్టి తమ్ముడి కోసం ఎదురుచూస్తాడు. పులిసిన పళ్లు ఎన్నాళ్లో ఆగవు. వచ్చిన ప్రతి మంత్రీ కాస్త కుదురుకోనివ్వమంటాడు, కుదురుకునేలోగా ప్రభుత్వమే పడిపోతుంది.

ఈ మధ్యాహ్నం పాత మంత్రి ఆనవాయితీ ప్రకారం కొత్త మంత్రిగా వచ్చినావిడకు పూలగుత్తి అందించి పదవి అప్పగించి, ఆఖరిసారి కారెక్కాడు.

"రంగెలన్నా, ఇంతకీ మీ ఊరు వెళ్లొచ్చావా?"

"మీరు పంపిస్తేగా సార్."

"అయ్యో. అయితే రేపే వెళ్లు."

"పూలు ఇచ్చేశారుగా సార్. ఇక మీ మాట చెల్లదు."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు.

ఆయన్ని ఇంటి దగ్గర దింపి రంగెల్ తిరిగొచ్చేసరికి కొత్తావిడ ఆఫీసు మెట్ల మీదే ఉంది. పూలగుత్తి అతని చేతిలో పెట్టి, "నీ సెలవు సంగతి ఆఫీసులో విన్నాను. నన్ను కాస్త కుదురుకోనీ అన్నా" అంది.

కారులో కూర్చుని అతను అన్నకు ఫోన్ చేశాడు.

"పొయ్యి వెలిగించెయ్ అన్నయ్యా. నాకోసం చూడకు."