ఖాళీ వదిలిన వరుస

మార్చిలో ఒక మంగళవారం మధ్యాహ్నం నేను పప్పుకి పోపు పెడుతుండగా పాస్టరమ్మగారు ఫోన్ చేశారు. "అమ్మా, అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. డ్యూటీలోనే, కుర్చీలో కూర్చుని అలాగే ఒరిగిపోయారట" అన్నారు. పోపు మాడిపోయింది. నాకు ఏడుపు రాలేదు. మొట్టమొదట వచ్చిన ఆలోచన చెబితే మీరు నన్ను రాతిమనిషి అనుకుంటారు. మరి జూన్‌లో ఆ పుస్తకంలో పేరు ఎవరు రాస్తారు? అదీ నా ఆలోచన.

అక్కతో నాకు రక్తసంబంధం లేదు. న్యూజెర్సీలోని పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్‌కి ఎదురు తలుపు ఆవిడది. డెబ్బైతొమ్మిది జనవరిలో నేను కొత్తగా కాపురానికి వచ్చి, మా ఆయన ల్యాబ్‌కి పోయాక కిటికీ దగ్గర కూర్చుని మంచు చూస్తూ గడిపే రోజుల్లో తలుపు కొట్టింది. నర్సు యూనిఫాంలోనే ఉంది, చేతిలో ఐస్‌క్రీం డబ్బా. "వందనాలమ్మా, ఎదురింటిదాన్ని. గుత్తొంకాయ చేశాను. ఒక్కదానికి తినబుద్ధి కాలేదు" అంది. డబ్బా కడిగి ఇవ్వబోతూ, ఖాళీ డబ్బా ఇవ్వకూడదని గోంగూర పచ్చడి పెట్టిచ్చాను. పదేళ్ళు ఆ డబ్బా రెండు గుమ్మాల మధ్య తిరుగుతూనే ఉంది.

అక్క ఒక్కతే ఎందుకుంటోందో నాకు వారం తిరక్కుండానే చెప్పారు, ఆవిడ కాదు, చర్చిలో ఆడవాళ్ళు. డెబ్బైయేడు జూన్‌లో బావగారికి పడమటివైపు ఉద్యోగం వచ్చింది. (నేనాయన్ని చూడలేదు. అయినా అక్క మొగుడు బావగారే కదా.) అక్క హాస్పిటల్లో నోటీసు ఇచ్చి తర్వాత రావాలని, ఆయన ముందుగా కార్లో బయల్దేరారు. వెళ్ళిన మనిషి చేరలేదు. కారూ దొరకలేదు. పోలీసులేమో, వయసొచ్చిన మనిషి ఎక్కడికైనా వెళ్ళొచ్చు, అది నేరం కాదన్నారు. చర్చివాళ్ళు ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యాక కాఫీ తాగుతూ, "మగవాళ్ళ మనసు ఎప్పుడెలా తిరుగుతుందో" అన్నారు. మా ఆయనా అదే అన్నాడు. నేను పైకి కోప్పడ్డానుగానీ లోపల సగం నమ్మాను. ఈ మాట ఇప్పుడు ఒప్పుకోకపోతే ఇంకెప్పుడూ ఒప్పుకోలేను.

అక్కకి మాత్రం ఒకటే తేలాలి. ఆయన తనని వదిలేసి పోయాడా, లేక ఆయనకేమైనా అయిందా?

బావగారికి పెద్ద హైవేలంటే గిట్టేది కాదట. "పెద్ద రోడ్డు మీద అమెరికా అంతా ఒకే పెట్రోల్ బంకు" అనేవారట. అందుకని దేశం నడిబొడ్డున చిన్న చిన్న ఊళ్ళ మీదుగా పోయే పాత రోడ్డు పట్టారు. అక్కడ ఊరికో వింత ఉంటుంది. రోజూ సాయంత్రం ఫోన్ బూత్ నుంచి అక్కకి ఆ రోజు చూసిన వింత చెప్పేవారు. ఒకరోజు రెండు తలల దూడ, ఇంకోరోజు మేడంత సిమెంటు ఎద్దు. నాలుగో రోజు నెబ్రాస్కాలో ఒక ఊరి నుంచి చేశారు. "చేత్తో తవ్విన బావి. నూట పది మెట్లు దిగాను, చుక్క నీళ్ళు లేవు. రేపు పక్క ఊళ్ళో కంచెలకి కట్టే ఇనప ముళ్ళతీగల మ్యూజియం ఉందట, చూసి చెప్తా" అన్నారు. ఆ తర్వాత ఫోన్ రాలేదు.

మరుసటి ఏడు జూన్‌లో సెలవు పెట్టి అక్క ఒక్కతే ఆ దారి పట్టింది. ఆ తర్వాత ఏడు నన్ను తోడు తీసుకెళ్ళింది. అప్పటి నుంచి ప్రతి జూన్ వెళ్ళాం. చర్చిలో అడిగితే, "ఊళ్ళు చూడ్డానికి" అనేది.

చూడ్డానికేం ఉంది లెండి. ఆ దూడ చచ్చి ఎన్నేళ్ళయిందో, అద్దాల పెట్టెలో నాలుగు గాజు కళ్ళతో మనల్నే చూస్తూ ఉంటుంది. మా ఊళ్ళో అయితే ఏనాడో పాతిపెట్టేవాళ్ళు. సగం దుకాణాలకి చెక్కలు కొట్టేసి ఉంటాయి. సరిగ్గా పన్నెండింటికి ఊరి సైరన్ మోగుతుంది. మొదటిసారి విని నేను కారు కిందికి దూరబోయాను. అక్క నవ్వి, "పన్నెండయిందని చెప్తోందమ్మా, అంతే. నిజంగా గాలివాన వచ్చినా ఇలాగే మోగుద్ది" అంది. ఆ రెండో మాట చెప్పకపోయినా బాగుండేది.

ప్రతి ఊళ్ళోనూ వింత పక్కన బల్ల మీద ఒక పుస్తకం ఉంటుంది, వచ్చినవాళ్ళు పేరు, ఊరు రాయడానికి. అక్క వెళ్ళేది దానికోసం. డెబ్బైయేడు పుస్తకం అడిగి తీయించి నాకు చూపించింది. ఇంగ్లీషు పేర్ల మధ్య తెలుగులో బావగారి పేరు, దాని కింది వరుసలో అక్క పేరు, రెండూ ఆయన చేతిరాతే. ఆయన అలా రాసిన రోజు అక్క పిస్కాటవేలో డ్యూటీలో ఉంది. దూడ దగ్గరా అంతే, ఎద్దు దగ్గరా అంతే, బావి దగ్గరా అంతే. ఎక్కడికెళ్ళినా ఆయన ఇద్దరి పేర్లూ రాశారు.

ముళ్ళతీగల మ్యూజియంలో మాత్రం లేవు.

అక్కడ అక్క తన పేరు రాసేటప్పుడు పైన ఒక వరుస ఖాళీ వదిలేది. మొదటిసారి, మ్యూజియం చూసుకునే ముసలావిడ వరుసలు వృథా చేయొద్దంది. "మా ఆయన వచ్చినప్పుడు రాసుకుంటారు" అని అక్క చెప్పింది. అది విని ఆవిడే ఆ వరుసలో ఇంకెవరూ రాయకుండా పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టింది.

బావి దగ్గర మనిషికో ఇత్తడి బిళ్ళ ఇచ్చి దింపుతారు. పైకొచ్చాక ఆ బిళ్ళ మేకుకి తగిలించాలి. సాయంత్రం కాపలా ముసలాయన మేకులన్నీ చూసుకుని తాళం వేస్తాడు. అక్క ఆయన్ని ఏటా అదే అడిగేది, బావగారు దిగిన రోజు బిళ్ళలన్నీ తిరిగొచ్చాయా అని. ఆయనా ఏటా అదే చెప్పేవాడు. "అన్నీ వచ్చాయమ్మా. బావిలోకి దిగినవాళ్ళ లెక్క నా దగ్గరుంటుంది. రోడ్డెక్కినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరా ఉండదు."

నాకు డ్రైవింగ్ నేర్పింది అక్కే, ఆ రోడ్ల మీదే. "స్పీడ్ ఎవరైనా పోతారు. ముందు ఆగడం నేర్చుకో" అనేది. బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్లా ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. దారిలో తినడానికి పులిహోర ఐస్‌క్రీం డబ్బాల్లోనే సర్దేది. ఒకసారి, "క్యారియర్ లేదా అక్కా?" అన్నాను. "ఉంది. పెళ్ళికి మా మేనత్త ఇచ్చిన స్టీలుది. ఆయన దగ్గరుంది" అంది. వెళ్ళి అప్పటికి నాలుగేళ్ళు. అయినా 'ఉంది' అనే అంది.

ఆ ఏడే, బావి ఊరికీ మ్యూజియం ఊరికీ మధ్య నేను నడుపుతున్నాను. 'సీనిక్ వ్యూ' అని బాణం గుర్తుతో బోర్డు కనిపించింది. ఎప్పుడూ అక్కే నడుపుతూ దాటేసేది కాబట్టి నాకు దాని సంగతి తెలీదు. సరదాగా ఉంటుందని కంకర దారిలోకి తిప్పాను. దారి చివర కొండ అంచు, కింద పెద్ద రిజర్వాయర్. అంత గాలిలోనూ ఆ నీళ్ళు కదలడం లేదు. అంచున ఇనప కమ్మీల కంచె ఉంది. కమ్మీలన్నీ తుప్పుపట్టి ఎర్రగా ఉన్నాయి. మధ్యలో రెండు మాత్రం కొత్తవి.

"ఆపు" అంది అక్క. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "వెనక్కి తియ్యి."

వెనక్కి తీశాను. నేను ఆ కమ్మీలు చూడటం అక్క చూసింది. రోడ్డెక్కి చాలా దూరం వచ్చాం. తర్వాత చెప్పింది. "పోయాడని తెలిస్తే నాకు మనిషి ఉండడు. వదిలేశాడని తెలిస్తే నాకు పెళ్ళి ఉండదు. రెండిట్లో ఏది ఇమ్మని దేవుణ్ణి అడగనమ్మా? నువ్వైతే ఏది అడుగుతావు?"

తేలాలని అంత దూరం వచ్చే మనిషి, తేలే చోట మాత్రం ఆగేది కాదు. షెరిఫ్‌కి ఒక్క ఫోన్ చేసి ఆ నీళ్ళలో వెతకమని నేనైనా చెప్పొచ్చు. ఏడేళ్ళు చెప్పలేదు. అక్క కోసమే ఊరుకున్నానని అనుకునేదాన్ని. అసలు సంగతి, నాకు భయం. ప్రతి జూన్‌లో ఆ బోర్డు దగ్గరికి వచ్చేసరికి అక్క కారు వేగం పెంచేది, నేను అవతలి కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూసేదాన్ని.

ఎనభైయెనిమిదిలో అక్కడ వానల్లేవు. జూన్‌లో వెళ్ళేసరికే చేలు గోధుమరంగుకి తిరిగాయి. రోడ్డు మీది నుంచే రిజర్వాయర్ గట్టున బురద పగుళ్ళు కనిపిస్తున్నాయి. అక్క చూడలేదు. చూడలేదనే నేను అనుకున్నాను. బావి ముసలాయన, "ఈ ఏడు నీళ్ళు ఇంకా దిగుతాయి" అన్నాడు. మామూలుగా వాతావరణం గురించి అన్న మాటే. ఆ రాత్రంతా మోటెల్లో అక్క పక్క గదిలో నడుస్తూనే ఉంది.

అక్టోబర్‌లో షెరిఫ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. న్యూజెర్సీ నంబరు ప్లేటుతో ఒక కారు బయటపడింది.

ఇద్దరం వెళ్ళాం. చిన్న ఆఫీసు, కాఫీ వాసన. కమ్మీలు విరిగినప్పుడు ఎవరో తాగి గుద్ది వెళ్ళిపోయారనుకుని కొత్తవి వేశారట. చెప్పిన ఆఫీసరు కుర్రవాడే, పాపం, మా మొహాల్లోకి చూడలేకపోయాడు. ఒక అట్టపెట్టె బల్లమీద పెట్టి, "దీనిమీద ఏదో రాసుంది. మాకు తెలియని భాష" అన్నాడు. స్టీలు క్యారియర్. పైకడ్డీ బిగించే ఉంది. అక్క స్వెటర్ చేతితో మూత మీద మట్టి తుడిచింది. మన పాత్రల మీద పేర్లు చుక్కలు చుక్కలుగా కొట్టిస్తాం చూడండి, అలా రెండు పేర్లు.

"ఏం రాసుంది?" అన్నాడతను.

"మా ఇద్దరి పేర్లు" అంది అక్క ఇంగ్లీషులో. తర్వాత నావైపు తిరిగి, "చూశావా, వదిలేసి పోలేదు" అంది. పరీక్ష పాసైన పిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. పదకొండేళ్ళు ఆవిడని నిలబెట్టింది ఏదైతే ఉందో, అది ఆ క్షణంలో అయిపోయింది.

అక్కణ్ణుంచి మ్యూజియం ఊరికి పోనిమ్మంది. తలుపుకి తాళం. చలికాలం మూసి ఉంచుతారట, మేలో గానీ తెరవరు. అక్క అద్దానికి నుదురు ఆనించి లోపల బల్ల మీది పుస్తకం చూసింది. "ఆయన వరుస అలాగే ఉందమ్మా. జూన్‌లో వచ్చి రాద్దాంలే" అంది. బావగారిని పిస్కాటవే తెచ్చి సమాధి చేశాం. కాఫీ తాగుతూ ఆ మాటలన్న ఆడవాళ్ళు అక్క చేతులు పట్టుకుని ఏడ్చారు. అక్క ఎవర్నీ ఏమీ అనలేదు. మార్చిలో తనూ పోయింది.

ఈ జూన్‌లో నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆగడం నేర్పిన మనిషి లేకుండా అంత దూరం నడపడం అదే మొదలు. క్యారియర్‌ని పక్క సీట్లో పెట్టి బెల్టు వేశాను. ఈసారి బోర్డు దగ్గర ఆగి, అంచు దాకా నడిచాను. వానలు పడ్డాయి. నీళ్ళు మళ్ళీ పైకి వచ్చేశాయి, ఎప్పట్లాగే కదలకుండా ఉన్నాయి. కొత్త కమ్మీలు కూడా తుప్పు పడుతున్నాయి. ఇంకో రెండేళ్ళు పోతే ఏవి పాతవో ఏవి కొత్తవో ఎవరికీ తెలియదు.

మ్యూజియం ముసలావిడ నా వెనక గుమ్మంవైపు చూసి, "మీ అక్క?" అంది. తల అడ్డంగా ఊపాను. ఆవిడ లోపలికెళ్ళి, అక్క మొదటిసారి రాసిన డెబ్బైయెనిమిది పుస్తకం తెచ్చింది. పెన్సిల్ చుక్క అలాగే ఉంది. ఇంకొకరి పేరు నేను రాయొచ్చా అని కాసేపు ఆలోచించాను. ఆయన ఇన్ని ఊళ్ళలో అక్క పేరు రాశారు కదా అనిపించింది. ఖాళీ వరుసలో బావగారి పేరు తెలుగులో రాశాను.

కింద అక్క పేరు పదకొండేళ్ళకి వెలిసిపోయింది. పైన ఆయన పేరు ఇంకా తడిగా ఉంది. ముసలావిడ పుస్తకం మూయబోయి ఆగింది. తలుపులోంచి వచ్చే గాలికి పేజీ తిరగకుండా, అంచు మీద ఒక ముళ్ళతీగ ముక్క పెట్టి, ఆరనివ్వమంది.