వార్సియెమ్ కన్ను, నా కుళ్లు

నాకు కుళ్లే. దాచుకునేదేముంది, క్లాటెన్ ఊరి దగ్గర మా బాతిక్ అద్దకం పాకలో అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్లు గుడ్డ మీద మైనపు చుక్కలు పెట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు. రెండు కళ్లకూ పొర కమ్మాక ఆ పని వార్సియెమ్ చేతికి వెళ్లింది. నాకన్నా పదేళ్లు చిన్నది, నా దగ్గరే పని నేర్చుకుంది.

కొన్నాళ్లకు దాని కళ్లకీ పొర వచ్చింది. ఇద్దరికీ ఒకే రోజు ఒక్కో కంటికి ఆపరేషన్ చేశారు. మర్నాడు కట్టు విప్పగానే అది గోడ మీది క్యాలెండర్ గడగడా చదివేసింది. నాకు అంకెలన్నీ అలికేసినట్టున్నాయి.

"కొందరికి నాలుగు రోజులు పడుతుంది బామ్మా. చుక్కల మందు తప్ప ఇంకేదీ కంట్లో పడకూడదు. నొప్పి వచ్చినా, ఎర్రబడినా వెంటనే వచ్చెయ్," అంది నర్సు.

నాలుగు రోజులా? అప్పటికి అది సగం గుడ్డ నింపేస్తుంది. ఇంటికి రాగానే తమలపాకులు కోసి మరిగించాను. పుట్టిన బిడ్డ నుంచి కాటికి కాళ్లు చాచిన ముసలి వరకూ అందరి కళ్లూ మా అమ్మ ఆ నీళ్లతోనే కడిగేది. చల్లార్చి రెండు పూటలా కడిగాను.

మూడో రోజుకి కన్ను నిప్పుకణికలా అయింది. ఒకటే పోటు, ఉన్న చూపూ తగ్గింది. నర్సు మాట గుర్తుంది. కానీ వెళితే వార్సియెమ్‌కి తెలుస్తుంది. తలుపేసుకుని పడుకున్నాను.

సోయా గింజల టెంపే వేపుడు పట్టుకుని అదే వచ్చింది. "ఏదీ అక్కా, కన్ను చూపించు."

"నీ కన్ను నువ్వు చూసుకో, పో."

గిన్నెలో ఆకులు చూసింది. "ఎంత పని చేశావక్కా! నా మీద ఏడ్చుకుంటే ఏడ్చుకో, కన్నెందుకు పోగొట్టుకుంటావ్? లే!"

అద్దె మోటార్ సైకిల్ మీద నడిపేవాడికీ తనకీ మధ్యలో నన్ను కూర్చోబెట్టి, పడిపోకుండా వెనక నుంచి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు కంట్లోకే సూదిమందు ఇచ్చాడు, రెండు రోజులాగి మళ్లీ ఇచ్చాడు. "కోసిన కంట్లోకి క్రిములు పోయి లోపల చీము పట్టింది. ఇంకో రోజు ఆగుంటే కన్ను దక్కేది కాదు," అన్నాడు.

కన్ను మిగిలింది, చూపు సగమే. ఇప్పుడు నేను లావు గీతలు గీస్తాను, చుక్కలు దానివి. కుళ్లు మాత్రం పూర్తిగా మిగిలింది.

మొన్న వార్సియెమ్ రెండో కంటికి ఆపరేషన్ అయింది. రోజుకు నాలుగుసార్లు వాళ్లింటికి వెళ్లేది నేనే. సబ్బుతో చేతులు రుద్దుకుని, సీసా మొన కంటికి తగలకుండా మందు చుక్క వేస్తాను. వాళ్లత్త తమలపాకు నీళ్లు తెస్తే పెరట్లో పారబోశాను.

"ఇంత కుళ్లు పెట్టుకుని నాకెందుకక్కా ఈ చాకిరీ?" అని నవ్వింది.

"నోర్మూసుకుని పైకి చూడు. నీ కన్ను పోతే నేనెవర్ని చూసి ఏడవాలి?"