ఆయమ్మ మోకాళ్ళ మీద పాఠం

మా అక్కకి కుర్చీలో కూర్చోవడం చేతకాదు. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు కుర్చీ జరిపితే, "పర్లేదమ్మా" అంటూ గోడకి ఆనుకుని నిలబడుతుంది. మా అమ్మ పోయినప్పుడు నాకు ఇంకా సరిగ్గా నడక కూడా రాలేదు. అక్క నన్ను చంకలో వేసుకునే నూలు మిల్లులో యంత్రాల కింద దూది ఊడ్చింది. ఆ మిల్లు మూతపడ్డాక ఆసుపత్రిలో వరండాలు కడిగింది. మొగుడు ఉన్నన్నాళ్ళూ తాగాడు, తర్వాత ఎటో వెళ్ళిపోయాడు. "పోయినవాడు చీపురు తీసుకుపోలేదు, అదే పదివేలు" అంటుంది అక్క. ఆఖరికి ఒక పెద్ద బడిలో ఆయమ్మగా కుదిరింది. పిల్లల్ని చూసుకునే ఆయమ్మ కాదు, గదులు తుడిచే ఆయమ్మ.

ఇన్నేళ్ళు నేలకి వంగి వంగి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్లు దిగుతుంటే పక్కవాళ్ళకి కూడా వినబడేలా చప్పుడు చేస్తాయి. ఎవరైనా తిరిగి చూస్తే, "ఎక్కడో తలుపు కిర్రుమంటోంది" అని దబాయిస్తుంది.

నేను హమాలీని. ఆ బడికి సామాను వస్తే మేమే మోస్తాం. ఒకసారి చెక్కపెట్టెల్లో రకరకాల వాయిద్యాలు వచ్చాయి. తోలు డప్పులు, మనిషంత పొడుగు బూరలు, సొరకాయ బుర్రకి తీగలు కట్టినవి, ఇనప నాలుకలున్నవి. ఎన్ని దేశాలవో ఏమో, అన్నీ పై అంతస్తుకే ఎక్కించాలి. లిఫ్ట్ ఉంది కానీ అది టీచర్లకి మాత్రమేనట. వీపు విరిగేలా మోసి ఆ గదిలో దించాం.

"ఏమిటే ఈ గది?" అని అక్కని అడిగాను.

"పొద్దున డిజైన్ థింకింగ్, మధ్యాహ్నం వరల్డ్ మ్యూజిక్. రెండిటికీ ఒకే సారు."

"అంటే?"

"పొద్దున ఆలోచించడం నేర్పుతారు. మధ్యాహ్నం వాయించడం."

"ఆలోచించడం కూడా ఒకళ్ళు నేర్పాలా?"

"నీకు నేర్పలేదుగా, చూడు ఎలా తయారయ్యావో!" అని అక్క వెనక నుంచి ఒకామె నవ్వింది.

ఆమెని అందరూ 'పొడుగు' అంటారు. గుమ్మాల దగ్గర తల వంచి నడిచేంత ఎత్తు మనిషి. అక్కకి జోడీ. పై అంతస్తుల్లో పిల్లలు నీళ్ళతో ఆడుతున్నారని కుళాయిలు కట్టేశారు. అందుకని పొడుగు కింద నుంచి బకెట్లతో నీళ్ళు మోసుకొచ్చేది, అక్క తుడిచేది. దుప్పటంత తడి గుడ్డని చెరో కొసా పట్టుకుని పిండేటప్పుడు ఇద్దరూ పాట అందుకునేవాళ్ళు.

"పిండవే పిండు, నీ మొగుడి చెవి పిండు" అని అక్క అనేది.

"పిండితే ఏమొచ్చె, గులిమే వచ్చె" అని పొడుగు అందుకునేది.

ఆ గది సారు ఈ పాట విని మురిసిపోయాడు. జుట్టు వెనక్కి ముడేసుకుని, మెత్తగా మాట్లాడే మనిషి. ఏ దేశంలోనైనా కలిసి పనిచేసేవాళ్ళు కలిసి పాడతారని పిల్లలకి చెప్పి, వీళ్ళిద్దరి పాటనీ ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. ఆ రోజు ఇద్దరికీ కాళ్ళు నేల మీద ఆనలేదు.

తర్వాత పొద్దున పాఠంలోకి అక్కని పిలిచారు. ఈసారి గది మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారట. కూర్చుంది కానీ అంచు మీదే. పిల్లలు చుట్టూ చేరారు. రెండు జడల పిల్ల ఒకతి ముందుకొచ్చి, "ఆయమ్మా, మీరు మా యూజర్. మీ కష్టం ఏంటో చెప్తే మేం ఏదైనా తయారుచేస్తాం" అంది.

ఒక మనిషి బాధ తీర్చాలంటే 'ఎందుకు, ఎందుకు' అని లోతుకంటా అడుగుతూ పోవాలట. అది వాళ్ళ పద్ధతి.

"మీకు మోకాళ్ళు ఎందుకు నొప్పి?"

"వంగి తుడుస్తా కదమ్మా."

"ఎందుకు వంగుతారు?"

"నేలని కింద పెట్టారు కదా, మరి."

పిల్లలు పడీ పడీ నవ్వారట. అక్కకీ హుషారొచ్చింది. అడిగినవాటికీ అడగనివాటికీ చెప్పేసింది. అందులో భాగంగానే, "నాదేముందమ్మా, పొడుగుని చూడండి. పాపం దాని రోజంతా నీళ్ళు మోయడానికే సరిపోతుంది" అని కూడా అంది. దానికి కూడా ఏదైనా చేసిపెడతారని ఆశ. పిల్లలు ఆ మాట రాసుకున్నారు.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చి నా పెళ్ళాంతో, "పుట్టి బుద్ధెరిగాక నా మోకాళ్ళ గురించి అడిగినవాళ్ళు వీళ్ళే మరదలా" అని పొంగిపోయింది. ఆ మొహం చూసి నాకూ సంతోషమేసింది. లేదనను.

కొన్నాళ్ళకి బండి వచ్చింది. చక్రాల మీద ఎత్తు తక్కువ పీట, ఒకపక్క మంచినీళ్ళ డబ్బా, ఇంకోపక్క మురికినీళ్ళ డబ్బా, పీట మీద కూర్చునే తుడవడానికి పొడుగాటి కర్ర. నీళ్ళతో నిండిన బండి మెట్లెక్కదు కాబట్టి పిల్లలు ప్రిన్సిపాల్‌ని అడిగి దానికి లిఫ్ట్ అనుమతి తెచ్చారు. బాగా వినండి. బండికి లిఫ్ట్ అనుమతి ఇచ్చారు. బండితో ఉంటే ఆయమ్మ ఎక్కొచ్చు, బండి లేకపోతే మెట్లే. ఆ మాట విన్నప్పుడే నాకు ఒళ్ళు మండింది. అక్క మాత్రం, "ఊరుకోరా, ఎలాగైతేనేం ఎక్కుతున్నాను కదా" అంది. నిజమే, నెల తిరగకుండానే నడకలో తేడా కనబడింది.

ఆ నెలాఖరున పొడుగుని ఆఫీసుకి పిలిచారు. "నీళ్ళు మోసే పని ఇక లేదు కదమ్మా, రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడట ప్రిన్సిపాల్. గేటు దగ్గర మెడలో కార్డు తీయించుకుని పంపేశారు. పొడుగు తిన్నగా అక్క ఇంటికే వచ్చింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఏం చెప్పావే వాళ్ళకి నా గురించి?"

"ఏం చెప్పానే? కష్టపడుతున్నావని చెప్పాను. నీ మీద జాలితోనే..."

"నీ జాలి తగలెయ్య! నా కష్టం తీర్చమని నిన్ను అడిగానా? తీర్చేశారుగా, ఇప్పుడు ఇంట్లో పడుకోమన్నారు!"

అనేసి విసురుగా బయటికి నడిచింది. పొడుగు చెప్పుల చప్పుడు సందు చివరిదాకా వినబడింది.

మర్నాడు అక్క సారు దగ్గరికి వెళ్ళి ఆమెని మళ్ళీ పిలిపించమని అడిగింది. ఆయన మెత్తగానే చెప్పాడట. "ఆయమ్మా, మా ప్రాజెక్టు మీ మోకాళ్ళ గురించి. ఆమె మా యూజర్ కాదు కదా. ఆ సంగతి ఆఫీసువాళ్ళు చూసుకుంటారు."

యూజర్ కాదట! పాట రికార్డు చేసుకునేటప్పుడు ఆమె గొంతు కావలసి వచ్చింది. ఆమె కూడు పోయేటప్పుడు మాత్రం లెక్కలోకి రాలేదు.

కొన్ని రోజులకి బడిలో ప్రదర్శన పెట్టారు. వాయిద్యాలన్నీ పై గది నుంచి కింద హాల్లోకి దించడానికి నన్ను పిలిచారు. దించాక ఒక మూల నిలబడ్డాను. తల్లిదండ్రులు, ఎక్కడినుంచో వచ్చిన పెద్దమనుషులు, బహుమతులిచ్చే న్యాయనిర్ణేతలు. గోడ మీద అక్క పెద్ద ఫొటో, పీట మీద కూర్చుని నవ్వుతోంది. కింద 'మా యూజర్ ఆనందం' అని రాశారు. ముందు సంగీతం. పిల్లలు డప్పులు వాయిస్తుంటే స్పీకర్లలోంచి ఒక్కసారిగా "పిండవే పిండు" అని అక్క గొంతు, వెంటనే పొడుగు గొంతు. హాలంతా నవ్వులు. ఆ నవ్వించే మనిషికి ఆ బడి గేటులోంచి లోపలికి రావడానికి కార్డు లేదు.

తర్వాత బండి దగ్గరికి వచ్చారు. రెండు జడల పిల్ల మైకు పట్టుకుని అంతా వివరించింది. ఆఖర్న అక్క వైపు తిరిగి, "ఆయమ్మా, మా బండి ఎలా ఉందో మీరే చెప్పండి" అంది. బాగుందంటుందని అందరూ చప్పట్లకి చేతులు ఎత్తి సిద్ధంగా ఉన్నారు.

అక్క మైకుని అంత దూరాన పట్టుకుంది. "బండి బాగుంది తల్లీ. నా మోకాళ్ళకి సుఖంగా ఉంది. కానీ ఇది వచ్చాక నీళ్ళు మోసే మనిషిని తీసేశారు. ఇందాక మీరందరూ నవ్వారే, ఆ రెండో గొంతు ఆవిడదే. ఆమెకి పని లేదు. నేను చెప్పిన మాట వల్లే పోయింది. ఆమెని పిలిపించండి. అంతే నేను అడిగేది."

ఎత్తిన చేతులన్నీ కిందికి దిగాయి. సిగ్గుపడుతున్నారనుకున్నాను. అబ్బే! న్యాయనిర్ణేత ఒకావిడ లేచి నిలబడి, "చూశారా, ఇదీ నిజాయితీ గల ఫీడ్‌బ్యాక్ అంటే! యూజర్ ఇంత ధైర్యంగా మాట్లాడిందంటే పిల్లలు ఎంత నమ్మకం సంపాదించారో!" అంది. హాలంతా చప్పట్లు. మొదటి బహుమతి ఆ బండికే ఇచ్చారు. అక్క అడిగినదానికి మాత్రం ఒక్కరూ ఔననలేదు, కాదనలేదు. తిట్టినా ఇంత మండేది కాదు. ఏడ్చినదాన్ని పట్టుకుని ఎంత చక్కగా ఏడ్చావమ్మా అని మెచ్చుకున్నట్టుంది. రెండు జడల పిల్ల ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. "సార్, పిలవచ్చు కదా సార్" అంటే, "తర్వాత మాట్లాడుకుందాం" అని ఆయన ఫొటోకి నిలబెట్టాడు.

ఇంటికెళ్ళాక, "ఇంక వదిలేయవే. నీ మోకాళ్ళు నువ్వు చూసుకో. నిన్ను కూడా తీసేస్తే?" అన్నాను.

"తీసేస్తే తీసేయనీ. దాని కూడు తీసి నా కాళ్ళకి మందు రాస్తారటరా? ఆ పీట మీద కూర్చుంటే దాని వీపు మీద కూర్చున్నట్టుంది నాకు."

మర్నాడు అక్క బండి ముట్టుకోలేదు. పాత బకెట్ తీసుకుని తన వంతు గదులు తుడిచింది, నీళ్ళు తనే మోసుకుంది. పని వేళ అయిపోయేసరికి ఎంత అయితే అంత. మిగతా గదుల్లో దుమ్ము అలాగే ఉంది. రెండో రోజూ అంతే. ఆ తర్వాతా అంతే. ఆ వారమే కొత్త పిల్లల్ని చేర్పించడానికి తల్లిదండ్రులు వచ్చి బడి చూసే రోజులు. ప్రిన్సిపాల్ పిలిపించాడు.

"ఏంటమ్మా ఇది? సగం బడి వదిలేశావు?"

"నేను ఒక్క మనిషిని సార్. ఒక్క మనిషి పని చేశాను."

"బండి ఉందిగా!"

"బండిని తుడవమనండి మరి."

"నిన్ను కూడా తీసేయాల్సి వస్తుంది."

"తీసేయండి సార్. గోడ మీద నా ఫొటో కూడా తీసేయండి. వచ్చినవాళ్ళు ఈవిడేదీ అని అడిగితే ఏం చెప్తారో మీ ఇష్టం."

ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడట. చివరికి, "సరే, ఆమెని రమ్మను. కానీ మనిషీ బండీ రెండూ కుదరవు. బండి ఎలాగూ బహుమతి వచ్చినది, ఆఫీసు ముందు అద్దాల గదిలో పెడతాం" అన్నాడు.

పొడుగు ఊరికే రాలేదు. అక్క మూడుసార్లు వాళ్ళింటికి తిరిగింది. ఆఖరికి పొడుగు కొంగు దోపుకుని వచ్చింది, వస్తూనే తిట్టింది. "బండి పోగొట్టుకున్నావు కదే పిచ్చిమొహమా. నీ మోకాళ్ళ సంగతేంటి?"

"అవెక్కడికి పోతాయే, నాతోనే ఉంటాయి."

లిఫ్ట్ కూడా పోయింది. బండి లేదు కదా.

తర్వాత వాయిద్యాలు మళ్ళీ పైకి చేర్చడానికి నన్ను పిలిచారు. అన్నిటికంటే పెద్ద డప్పు వీపున వేసుకుని ఎక్కుతుంటే మధ్య మలుపులో సారు ఎదురొచ్చాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"సార్, ఒక మాట. బండినీ ఉంచి, మనిషినీ ఉంచితే ఏం పోయేది? ఇంతమంది కూర్చుని ఆలోచించారు కదా, ఒక్కళ్ళకి కూడా ఇది తట్టలేదా?"

ఆయన మొహం వెలిగిపోయింది. "చాలా మంచి ప్రశ్న అన్నా! వచ్చే ఏడాది పిల్లలకి ఇదే ప్రాజెక్టుగా ఇస్తాను."

వచ్చే ఏడాదట. ఆ పై మెట్ల మీద మా అక్క అప్పుడు ఒక్కో మెట్టుకీ గోడ పట్టుకుని దిగుతోంది. వీపు మీది డప్పుని అక్కడే, మెట్ల మధ్యలో దించేశాను.

"దీన్ని పైకి ఎలా చేర్చాలో కూడా పిల్లల్నే ఆలోచించమనండి సార్" అన్నాను.

ఆయన నోరు తెరిచేలోగా పైనుంచి పొడుగు కేకేసింది. "ఓ తమ్ముడూ! నీ కోపం కాకులెత్తుకుపోను, దాన్ని దారికి అడ్డంగానా పెట్టేది? ఆ మెట్లు ఇప్పుడు మేమే తుడవాలి, పక్కకి జరుపు!"

జరిపాను.