ఇంటావిడ లేని పొయ్యి

పొద్దున్నే, ఊళ్ళో ఇంకా ఎవరింట్లోనూ పొయ్యి రాజుకోక ముందే, జొనాలీ ఎవరో ఒకరి ఇంటి కిందకి దూరేది. మావి గుంజల మీద నిలబడ్డ వెదురిళ్ళు. కింద పందులూ కోళ్ళూ, పైన మేమూ. చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని, మేం నడిచే నేలని ఆ పిల్ల అడుగునుంచి చూసేది. ఏ దూలం ఏ గుంజ మీద ఆనింది, బెత్తపు ముడి ఎటు తిప్పారు, నీళ్ళు ఏ సందులోంచి కారతాయి, అన్నీ చూసి కాగితం మీద గీసుకునేది. దూరేముందు మాత్రం తప్పకుండా కేక వేసేది.

"పిన్నీ, కింద నేనున్నాను. నీళ్ళు పారబొయ్యకు!"

"రోజుకో ఇంటి కింద దూరతావు, ఏం పోగొట్టుకున్నావే తల్లీ?" అనేదాన్ని నేను.

"పోగొట్టుకోలేదు పిన్నీ, నేర్చుకుంటున్నాను."

"మా పంది పుట్టినప్పట్నించీ అక్కడే పడుకుంటోంది. దానికేం చదువు అబ్బలేదు మరి!"

కిందనుంచి నవ్వు వినిపించేది. ఒకరోజు మాట మరిచిపోయి బియ్యం కడిగిన నీళ్ళు పోసేశాను. నెత్తిమీద మెతుకుతో పైకొచ్చి, "పోనీలే పిన్నీ, మీ నేల ఎంత బాగా కారుతుందో ఇవాళ తెలిసింది" అంది. ఆ తర్వాత నుంచీ మా ఇంటి వంతు వచ్చినప్పుడల్లా, రాత్రి బూడిదలో మగ్గిన చిలగడదుంప ఒకటి సందులోంచి జారవిడిచేదాన్ని. పిల్లకి సగం, పందికి సగం.

జొనాలీ మా పక్కింటి మణిరాం కూతురు. అతను పడవ నడుపుతాడు. ఆమె గౌహతిలో ఇళ్ళు గీసే చదువు చదువుతోంది. ఆఖరి ఏడు. ఒక చిన్న ఊరికి, ఆ ఊళ్ళో దొరికే సరుకుతోనే, తక్కువ ఖర్చులో, ఊరంతా తలదాచుకునే నీడ ఒకటి గీయమన్నారట వాళ్ళ మాష్టారు. వీలైతే కట్టి చూపించమన్నారట కూడా. తక్కిన పిల్లలు ఎక్కడెక్కడి ఊళ్ళో ఎంచుకున్నారు. ఈమె సెలవు పెట్టుకుని, చాప చంకన పెట్టుకుని, బ్రహ్మపుత్ర నడుమ ఇసుకమేట మీద ఉన్న మా ఊరికే వచ్చింది.

ఎందుకొచ్చిందో ఆమె చెప్పలేదు. ఎవరం అడగనూ లేదు. యాకాసీ అవ్వ కోసమని అందరికీ తెలుసు.

జొనాలీ తల్లి పొలంలో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లని వీపున కట్టుకుని పెంచింది యాకాసీ అవ్వే. అవ్వకి భర్త లేడు, పిల్లలు లేరు, ఒక మగ్గం ఉంది, నాలుగు కోళ్ళున్నాయి. ఒకరికి పెట్టడమే గానీ ఒకరి దగ్గర పుచ్చుకోవడం ఎరగదు. ఉప్పు నిండుకుంటే ఉప్పు లేకుండానే తింటుంది. అదే ఎవరైనా గుమ్మంలోకి వచ్చి, "అవ్వా, కాస్త ఉప్పుంటే పెట్టు" అంటే, అడుగున ఉన్నది గీకి మరీ పెడుతుంది. అడిగినవాళ్ళని కాదనడం ఆమె నోట నేను వినలేదు.

కిందటేడు వరదలో ఊరంతా అవతలి ఒడ్డు కరకట్ట మీదికి వెళ్ళి టార్పాలిన్ల కింద ఉంటే, అవ్వ రానంది.

"అక్కడ నేనెవరిని? ఎవరి పొయ్యి పక్కనో ముడుచుకుని కూచుని, పెడితే తినాలి. నా ఇంట్లో నేను ఇంటిదాన్ని" అంది.

వాసాలకి మంచె కట్టుకుని, కోళ్ళని గంపలో పెట్టుకుని పైకెక్కింది. నీళ్ళు నేల దాటి లోపలికి వచ్చాయి. మణిరాం పడవ వేసుకుని వెతుక్కుంటూ వెళ్ళేసరికి వాసాన్ని కరుచుకుని జ్వరంతో వణుకుతోందట. దేవుడు చల్లగా చూశాడు గనక దక్కింది. తెలివొచ్చాక మణిరాంతో అన్న మొదటి మాట, "నీ పడవంతా తడిపేశాను నాయనా, ఏమనుకోకు."

ఆనాడు పట్టిన దగ్గు ఈనాటికీ వదల్లేదు. ఇంకో వరద నీళ్ళల్లో ఆ ఒళ్ళు నిలవదు. నిలవదని ఆమెకీ తెలుసు. అయినా సరే రానంటుంది.

శీతకాలంలో ఒకనాడు ప్రార్థన అయ్యాక, నానిన శెనగలూ అల్లం ముక్కలూ ప్రసాదం నములుతూ అందరం మందిరం వసారాలో కూర్చున్నాం. జొనాలీ బొమ్మ పరిచి చూపించింది. ఊరిపెద్ద తంకేశ్వర్ కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చూశాడు.

"ఏమమ్మా, ఇన్నేళ్ళు పట్నంలో చదివి, చివరికి మా ఇల్లే మళ్ళీ గీశావా?"

"కోట గీయమంటావా మామా? నది వచ్చి కోటని అడిగి తింటుందా?"

అందరూ నవ్వారు. నది మా గట్టుని ఏటా కొరుక్కు తింటుంది. ఊరు ఇప్పటికే ఎన్నోసార్లు వెనక్కి జరిగింది.

"అందుకే మేకులు లేవు మామా. అన్నీ బెత్తపు ముళ్ళే. గట్టు దగ్గరికొచ్చిందనుకో, ముళ్ళు విప్పి, వెదుళ్ళు భుజాన వేసుకుని, ఇంకో చోట నిలబెట్టుకోవచ్చు. నేల మాత్రం మన ఇళ్ళకంటే ఎత్తు. కిందటేడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అందరి గుంజల మీదా మరక చూసి లెక్కకట్టాను."

"మరి నా పందులో?" అన్నారు ఎవరో.

"మధ్యలో వాటికో మంచె ఉంది. మనకంటే కింద, నీళ్ళకంటే పైన."

"వాటికి ఇష్టమేనా అని అడిగావా?"

"రోజూ వాటి పక్కనే పడుకుంటున్నాను బాబాయ్, నీకంటే ముందే ఒప్పుకున్నాయి."

ఆ బొమ్మలో ఇంకా ఆడవాళ్ళకి తడికతో చాటు, చంటిపిల్లల ఉయ్యాలకి గట్టి దూలం, చూరు నీళ్ళు పట్టి జాడీల్లోకి దింపే చీల్చిన వెదురు దోనె, మగ్గం విప్పకుండా పట్టే వెడల్పాటి గుమ్మం. మగ్గం ఎవరిదో ఎవరం అడగలేదు. నడుమ, మట్టి మెత్తిన చట్రంలో, పొయ్యి. పొయ్యి లేనిది మాకు ఇల్లు కాదు, ధాన్యం కొట్టు.

వెదురు ఊరిది, గడ్డి ఇసుకమేటది, చెయ్యి అందరిదీ. విత్తనాలు చల్లే పండగ అయ్యాక పని మొదలైంది. మడుగులో నానబెట్టిన వెదుళ్ళని మగవాళ్ళు మోసుకొచ్చారు. మేం గడ్డి కోసి కట్టలు కట్టాం. ఊళ్ళో అందరికంటే లేనిది రుక్మిణి. ఆమెకి వెదురు తోపు లేదు. రోజంతా కూర్చుని బెత్తం చీల్చి, వేళ్ళు కోసుకుని, సన్నటి చుట్టలు చుట్టి తెచ్చి, "ఇంతకంటే నా దగ్గర లేదు" అని సిగ్గుపడుతూ పెట్టింది. ఆ చుట్టలతోనే పైకప్పు అంతా ముడిపడింది. మధ్యాహ్నమయ్యేసరికి ఆకుల్లో చుట్టి ఉడికించిన అన్నం పొట్లాలు ఒక గంపనిండా వచ్చేవి. పంపింది యాకాసీ అవ్వ. తను మాత్రం వచ్చి చూసేది కాదు.

ఉండబట్టలేక జొనాలీ ఒకసారి వెళ్ళి అంది. "నీకోసమే కడుతున్నాను అవ్వా. ఈ వానలకి అక్కడికి వచ్చేయ్."

"నాకోసమా? నాకు ఇల్లు లేదనుకున్నావా?" అంది అవ్వ. కోపంగా కాదు, కానీ మగ్గం మీదనుంచి తల ఎత్తలేదు. జొనాలీ ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చింది.

వైశాఖంలో ఇల్లు పూర్తయింది. మంచి రోజు చూసి, సూర్యతల్లికీ చంద్రతండ్రికీ దణ్ణం పెట్టుకుని, ఊరంతా పైకెక్కాం. కొత్త గడ్డి వాసన, గాలి, కింద మెరిసే నది. ఎంత బాగుందో చెప్పలేను. అందరం పొయ్యి చుట్టూ కూర్చున్నాం. చుట్టూ అంటే చుట్టూ కాదు. అందరం ఒకే పక్క కూర్చున్నాం.

నేల కిర్రుమంది.

"అయ్యో, అందరూ ఒకే పక్కనా? ఇటు జరగండి, ఇటంతా ఖాళీ!" అంది జొనాలీ.

ఎవరూ కదల్లేదు. తంకేశ్వర్ గొంతు సవరించుకున్నాడు.

"అది ఇంటివాళ్ళ పక్క కదమ్మా. మేం అతిథుల పక్క కూర్చున్నాం."

"ఇది అందరి ఇల్లు మామా."

"అందరిదే. అందుకే అందరం అతిథులమే."

మా దగ్గర పొయ్యికి ఒక పక్క ఇంటివాళ్ళది, ఒక పక్క వచ్చినవాళ్ళది. పిలవకుండా ఇంటివాళ్ళ పక్కకి వెళ్ళి కూర్చునేవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. పరాయి పొయ్యిని ముట్టుకోవడం అటుంచి, ఊదనైనా ఊదం. టీ ఆకు ఉంది, బెల్లం ఉంది, నీళ్ళున్నాయి, కట్టెలున్నాయి. వెలిగించేవాళ్ళు లేరు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కూర్చున్నచోటి నుంచే నాలుగు వైపులా చూసి ఇంటిని మెచ్చుకున్నాం. నేల మళ్ళీ కిర్రుమంది. ఎండిన గొంతులతో ఒక్కొక్కరమే దిగిపోయాం. నేనూ ఇంటికొచ్చి టీ కాచుకున్నాను.

ఒక గ్లాసు పట్టుకుని తిరిగి వెళ్ళేసరికి జొనాలీ చల్లటి పొయ్యి ముందు కూర్చుని ఉంది. అతిథుల పక్కనే.

"చూడు పిన్నీ, నేనూ ఇటే కూర్చున్నాను. నాకు తెలియకుండానే" అని నవ్వబోయి ఆగిపోయింది. "వరదొస్తే ఏమవుతుంది? తడిసి వచ్చి, ఇలా మొహమాటపడి, చలికి వణుకుతూ కూచుంటారు. కట్ట మీద టార్పాలిన్లే నయమంటారు. నేల కొలిచాను, గాలి కొలిచాను, పందుల్ని కూడా కొలిచాను. ఇంటావిణ్ణి గీయడం మరిచిపోయాను."

"నువ్వే కూర్చోవే అటు."

"నేనా? వచ్చే నెల గౌహతి వెళ్ళిపోయేదాన్ని. పైగా చిన్నదాన్ని. నేను పోసిన టీ తంకేశ్వర్ మామ తాగుతాడా?"

"తాగుతాడు, ముందు నీకు పది నీతులు చెప్పి."

ఈసారి నిజంగానే నవ్వింది. మర్నాడు తంకేశ్వర్ భార్యని అడిగి చూశాం. ఆవిడ రెండు చేతులూ చెవులకి పెట్టుకుంది. "అమ్మమ్మా! నేను అటు కూర్చున్నానంటే ఊరి ఇల్లు కాస్తా ఊరిపెద్ద ఇల్లయిపోయిందంటారు. ఇప్పటికే ఆయన మాట ఇంట్లో ఎక్కువైపోయింది!" రుక్మిణిని అడిగితే, "నలుగురికి పోసే చెయ్యి కాదమ్మా నాది, అలవాటు లేదు" అని కొంగు చాటుకి తప్పుకుంది.

ఆ వారమే పైన కొండల్లో వాన పడింది. నది రంగు మారి, ఎర్రమట్టి కలిపినట్టు అయింది. విరిగిన చెట్లు తేలుతూ వెళ్తున్నాయి. మణిరాం పడవని గట్టు పైకి లాగి కట్టాడు. యాకాసీ అవ్వ వాసాల దగ్గర మళ్ళీ మంచె కట్టుకుంటోందని ఎవరో చెప్పారు.

జొనాలీ ఆ మాట విని నేరుగా మా మెట్లెక్కి వచ్చింది. "పిన్నీ, నాతో వస్తావా?" అంది. చేతిలో ఏమీ పట్టుకోలేదు. చేప ముక్కైనా తీసుకుని వెళ్దామంటే వద్దంది.

అవ్వ ఇంటి కింద మగ్గం ముందు కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే దగ్గు ఆపుకుని మొదలుపెట్టింది.

"రా, రా. అంత ఎత్తున ఇల్లు కట్టి, ఊరు ఊరంతటినీ పైకెక్కించి, టీ చుక్కైనా లేకుండా దింపేశారట? ముసలాడు తంకేశ్వర్ మెట్లమీదే ఎక్కిళ్ళు పెట్టాడట? నేను పెంచిన పిల్లవేనా నువ్వు? గడప తొక్కినవాణ్ణి నోరెండి పంపుతారటే ఎవరైనా?"

"పంపకూడదు అవ్వా."

"మరి!"

"తప్పే. ఏం చెయ్యాలో తెలియక వచ్చాను."

మగ్గం మీద అటూ ఇటూ ఆడుతున్న నాడె అవ్వ చేతిలో ఆగింది. జొనాలీ నేలమీద, ఆమె మోకాళ్ళ దగ్గర కూర్చుంది. చిన్నప్పుడు ఆ వీపుమీద నిద్రపోయిన పిల్ల. ఇప్పుడు ఆ మోకాలిమీద చెయ్యి వేయడానికి కూడా కాస్త జంకింది. నేను గుంజని ఆనుకుని, మనసులో దేవుణ్ణి తలుచుకుంటూ నిలబడ్డాను.

"అవ్వా, నీకేదో ఇస్తాననో, నిన్ను కాపాడతాననో రాలేదు. ఆనాడు ఆ మాట అన్నాను, అనకుండా ఉండాల్సింది. ఇవాళ అడగడానికొచ్చాను. అంత ఇల్లు కట్టాం, దానికి ఇంటావిడ లేదు. మా ఎవరి చెయ్యీ చాలడం లేదు. వానలు తగ్గేదాకా వచ్చి ఆ పొయ్యికి ఇంటివాళ్ళ పక్కన కూర్చుంటావా? నీ చేత్తో నిప్పు రాజేసి, మెట్లెక్కి వచ్చినవాళ్ళందరినీ 'రండి, కూర్చోండి, ఏం తాగుతారు' అని అడిగిపెట్టు. ఈ ఒక్క సాయం నాకు చెయ్యవ్వా."

అవ్వ నాడె పక్కన పెట్టి, "కోళ్ళ గంప నువ్వు పట్టుకో, పద, పొద్దు పోకముందే ఆ పొయ్యి రాజెయ్యాలి" అంటూ లేచింది.